ఖర్జూరాల కొట్టులో కాపురం

మా అపార్టుమెంటు సెల్లార్‌కు ఈమధ్య మరమ్మతులు మొదలుపెట్టారు. నిన్న సాయంత్రం మెట్లు దిగుతుంటే తడి సిమెంటు వాసన తగిలి, నా కాళ్ళు కాసేపు అక్కడే ఆగిపోయాయి. నా ఈడువాళ్ళకు చెబితే అర్థమవుతుంది, కొన్ని వాసనలు మనిషిని ఏళ్ళ వెనక్కి తీసుకుపోతాయి.

డెబ్బైల మధ్యలో నేను ఒమన్‌లోని రుస్తాఖ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుగా ఉండేదాన్ని. మావారు అదే ఊళ్ళో ఒక కంపెనీ స్టోర్సులో గుమాస్తా. నేను నర్సుల హాస్టల్లో, ఆయన నలుగురితో కలిసి ఒక రూమ్‌లో, పది నెలల పిల్లగా ఉన్నప్పుడు వదిలివచ్చిన మా అమ్మాయి పాలకొల్లు దగ్గర మా అమ్మ దగ్గర. ఇల్లు దొరికితేనే పిల్లను తెచ్చుకోగలం. ఆ ఊళ్ళో అద్దె ఇళ్ళు ఎక్కడివి? అలా రెండేళ్ళు గడిచిపోయాయి.

కాలు విరిగి మా వార్డులో నెలరోజులు పడుకున్న ఒక ఒమనీ ముసలామె, నా బాధ విని, తన ఇంటికింద తాళం వేసి ఉన్న కొట్టు ఇస్తానంది. సగం నేలలోకి దిగిన గది అది. భర్త ఉన్నన్నాళ్ళూ అందులో ఖర్జూరం బస్తాలు పేర్చేవారట. బరువుకు కారిన పాకం నేలమీది సన్నటి కాలువల్లో పారి మూలనున్న కుండలోకి చేరేదట. మేం తలుపు తీసేసరికి చీమలు, బూజు, అరికాళ్ళకు అంటుకునే జిగట.

ప్రతి శుక్రవారం మావారూ నేనూ పనిలోకి దిగేవాళ్ళం. చేతిలో కలం తప్ప మరొకటి పట్టి ఎరుగని ఆయన గునపం పట్టారు, నేను గోడలు గీకి సున్నం వేశాను. మస్కట్లో కొత్తగా నర్సు ఉద్యోగం వచ్చిన మా ఆడపడుచు పిల్లను వెంటబెట్టుకు వస్తున్నట్టు ఉత్తరం రాసింది. ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయని, హడావిడిగా కాలువలమీద సిమెంటు పోశాం. నాలుగు రోజులైనా అది గట్టిపడలేదు. వేలు పెడితే బురదలా దిగిపోయింది. మెట్లమీద కూర్చుని నేను ఏడ్చేశాను.

మావారు వెళ్ళి తమ కంపెనీ సైట్‌లో పనిచేసే కరీంనగర్ మేస్త్రీని తీసుకొచ్చారు. అతను చిటికెడు సిమెంటు నలిపి వాసన చూశాడు.

"ఇది సిమెంటు తప్పు గాదక్కా. తీపి తగిలితే సిమెంటు పట్టదు. మా సైట్ల ఒకపారి చక్కెర గలిసి గిట్లనే అయింది. మొత్తం తీసి, నేల కడిగి, ప్లాస్టిక్ పట్టా పరిచి మళ్ళ పొయ్యాలె."

"వారంలో అవుతుందా తమ్ముడూ?" అన్నాను.

"డ్యూటీ దిగినంక రోజూ వస్త. మీ పిల్ల మట్టిల ఎందుకు పండుకుంటది?"

నేల కడగడానికి వేడినీళ్ళు కావాలి. ముసలామె పెరట్లో ఖర్జూరపు మట్టలతో మంట పెట్టి, నీళ్ళు కాచి, కర్ర ఊతంతో వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ పాకం భర్త చివరిసారి నిలవచేసిన పంటదనీ, కడిగెయ్యడానికి మనసొప్పకే ఇన్నాళ్ళూ తాళం వేసుకున్నాననీ నాకు వచ్చిన కొద్దిపాటి అరబ్బీకి అందేలా నెమ్మదిగా చెప్పింది. నా చేతిలో చీపురు ఆగిపోయింది. ఆమే మొదటి చెంబు నీళ్ళు నేలమీద పోసింది.

పిల్ల వచ్చేనాటికి నేల గట్టిపడింది. డ్యూటీ నుంచి తెల్ల యూనిఫారంతోనే పరుగెత్తుకొచ్చిన నన్ను చూసి, సూది వేస్తాననుకుందో ఏమో, మేనత్త చీర చాటున దాక్కుంది. ఆ సాయంత్రం అన్నం తినిపిస్తుంటే నెమ్మదిగా అడిగింది.

"ఆంటీ, మా అమ్మ ఎప్పుడొస్తుంది?"

మావారు లేచి బయటికి వెళ్ళిపోయారు. పిల్ల నన్ను అమ్మా అని పిలవడానికి నలభై రోజులు పట్టింది. పిలిచిన రోజున నేను బట్టలు ఉతుకుతున్నాను, సబ్బు చేతులతోనే ఎత్తుకున్నాను.

ఇప్పుడు గల్ఫ్ వెళ్ళే నర్సులు రోజూ ఫోన్‌లో బిడ్డల ముఖాలు చూసుకుంటున్నారు, బిడ్డలకు తల్లి ముఖం కొత్త కాదు. అది చూసి మనసారా సంతోషిస్తాను. అయితే మా అమ్మాయి తొలిమాటలు, తొలి అడుగులు నేను ఉత్తరాల్లో చదువుకున్నవే. ఏ ఫోనూ వాటిని ఇప్పుడు నాకు తెచ్చి చూపించలేదు.