కరీమున్నీసా ఖాలా పెళ్లిపాటల క్యాసెట్

గురజాలలో మావాళ్ల ఇంట పెళ్లి కుదిరితే కబురు ముందు నాకు పెద్దమ్మ వరసైన కరీమున్నీసా ఖాలాకు వెళ్లేది, ఆ తర్వాతే ఖాజీకి. ఢోలక్ ఒళ్లో పెట్టుకుని ఆమె గొంతెత్తిందంటే మగపెళ్లివారి పరువు గంగలో కలిసేది. వియ్యపురాలి నడక, పెళ్లికొడుకు ముక్కు, దేన్నీ వదిలేది కాదు. వెక్కిరింపులు పడ్డవాళ్లే మళ్లీ పాడమని బతిమాలేవాళ్లు.

ఇవి ఆడవాళ్ల పాటలు. పాడుతున్నంతసేపూ మగవాళ్లు పరదా దాటి లోపలికి రాకూడదు. ఖాలా భర్త అలీ సాహెబ్‌కు సైకిల్ షాపు ఉండేది. పాటలున్న రోజు ఆయన బయట అరుగు మీద బీడీ కాలుస్తూ, "ఇంక చాలించండమ్మా, చెవులు తూట్లు పడతన్నయ్" అని కసురుతుండేవాడు. ఆ ముసలాయన మీద నాకు ఒళ్లు మండేది.

ఎనభై ఐదులో ఖాలా గొంతులో ఏదో గడ్డ లేచింది. గుంటూరు డాక్టరు వేసవి పోగానే ఆపరేషన్ చెయ్యాలన్నాడు. ఆ తర్వాత మాట రావచ్చేమో గానీ పాట మాత్రం రాదన్నాడు. మనవరాలు మెహరున్నీసా పెళ్లి ఆ వెనకే ఉంది. ఖాలా ఏడవలేదు. నేరుగా మా ఇంటికొచ్చి, రేడియోలు బాగుచేసే మా ఆయన నూర్ మొహమ్మద్ ముందు కూర్చుంది.

"నా పాటలు టేపులో నింపు నాయనా. పెళ్లిలో నేను నోరు మూసుకుంటా, అది పాడుద్ది. మొదటి పాటలో నా గొంతెంతుందో ఆఖరి పాటలోనూ అంతే ఉండాల. పాటపాటకీ ఎవరో లేచి వాల్యూమ్ తిప్పకూడదు. అయ్యో, ముసల్దాని గొంతు పోయిందే అని ఒక్కరు అన్నా నేనూరుకోను."

మా ఆయన లోపలికి రాకూడదు కనుక మీటలు నొక్కడం నాకు నేర్పి తన షాపుకు పోయేవాడు. ఢోలక్ దెబ్బ గొంతును మింగెయ్యకుండా మైకు దూరంగా, అరుగు వైపు కిటికీలో పెట్టమన్నాడు. ఖాలాకు ఓపికున్న మధ్యాహ్నాలే, వాళ్లింట్లో, మా రికార్డింగ్. వేసవంతా సాగింది. మొదటి పాటకు ఇల్లు అదిరింది. పోనుపోను గొంతు సన్నబడింది. ఆఖరిది పిల్లను అత్తారింటికి సాగనంపే పాట. దానికి ఢోలక్ లేదు. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లమంతా కళ్లు తుడుచుకుంటుంటే, ఊపిరి అందక ఆగుతూ, అందగానే మళ్లీ అందుకుంటూ పూర్తిచేసింది.

ఇక మా పడకగది మాది కాకుండా పోయింది. మంచం మీద రెండు టేప్ రికార్డర్లు. ఒకదాంట్లో పాట మోగుతుంటే, హెచ్చు తగ్గులు సరిచేస్తూ మా ఆయన రెండోదాంట్లోకి ఎక్కించేవాడు. రెండు పాటలకూ టేప్ రికార్డర్ మీద సౌండు చూపే సూది ఒకేచోట ఊగుతుంటే, సరిపోయిందిగా అన్నాను.

"సూదిదేముందే! అది ఢోలక్ దెబ్బకి ఎగురుతంది. గొంతు విను, యాడో అడుగునుంది" అన్నాడు.

ప్రతి పాట ఎక్కించాక టేపు వెనక్కి తిప్పి మొదటి పాట వినేవాడు. సౌండు బాగా తగ్గించి, కళ్లు మూసుకుని, ఆ రెండిట్లో గొంతు ఒకే ఎత్తులో ఉందా అని చూసేవాడు. లేకపోతే చెరిపేసి మళ్లీ మొదలు. పెళ్లిచూపుల్లో నన్ను కూడా అంత శ్రద్ధగా చూడలేదు మహానుభావుడు.

చివరికి సాగనంపే పాట వచ్చింది. ఖాలా గొంతు మిగతా పాటల ఎత్తుకు రావాలంటే చానా పెంచాల్సి వచ్చింది. గొంతుతో పాటు టేపులో ఉన్నదంతా లేచింది. గాలి చప్పుడు లేచింది, కాకి అరుపు లేచింది. వాటి కింద నుంచి ఒక మగగొంతు లేచింది.

కిటికీ కింద నుంచి ఎవరో ఖాలాతో పాటే, ఒక్క మాట తప్పకుండా పాడుతున్నారు. ఆమెకు ఊపిరి తెగిన ప్రతి చోటా ఆ గొంతు పాటను పట్టుకుని, ఆమె అందుకోగానే మళ్లీ కిందికి దిగిపోతోంది. మా ఆయన వాల్యూమ్ చక్రం మీద చెయ్యి అలాగే ఉంచేశాడు. అల్లా సాక్షిగా చెప్తున్నాను, నేను అంతకు ముందుగానీ ఆ తర్వాతగానీ అలాంటిది వినలేదు.

ఆడవాళ్ల పాటలో మగగొంతు! పెళ్లివారు నవ్వరా? తీసెయ్యడం కుదరదన్నాడు మా ఆయన. తగ్గిస్తే ఖాలా గొంతూ తగ్గిపోతుందట. ఆపరేషన్‌కని ఖాలా గుంటూరు బస్సెక్కే ముందురోజు ఆమెకు వినిపించడానికి ఇద్దరం వెళ్లాం.

అప్పటికి ఆమెకు గుసగుసే మిగిలింది. పాట సగానికొచ్చాక, "ఎవరమ్మా అది?" అంది. ఇన్నేళ్ల కాపురంలో ఆ గొంతు పాడగా ఎన్నడూ వినలేదాయె! గుమ్మంలో ఉన్న అలీ సాహెబ్ గబగబా చెప్పులు వెతుక్కోసాగాడు.

ఖాలా ఆయన వైపు తిరిగింది. "మీరా? పాటలన్నీ వచ్చా మీకు? ఇన్నాళ్లూ బయట కూర్చుని పాడతానే ఉన్నారా?"

"లోపలికి రానిస్తిరా మీరు?" అన్నాడాయన కసురుతూనే. మాట చివర వణికింది.

నేను నెమ్మదిగా, మగగొంతు పోవాలంటే ఏం చెయ్యాలో, చేస్తే ఏమవుతుందో చెప్పాను. ఎవరి నోటా జాలి మాట పడకూడదన్న మనిషి, ఏమంటుందోనని భయపడ్డాను.

ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది.

"ఆయన్ని తగ్గిస్తే నేనూ తగ్గిపోతా గదమ్మా," అంది. "ఉండనియ్."