యుర్గెన్ మీద నేను రాసిన వాక్యం

కొన్నేళ్లుగా ఒక వాక్యం నా మీద బరువుగా ఉంది. నేనే రాసిన వాక్యం. ఎవరికీ చెప్పుకోలేదు. మీకు చెబుతున్నాను.

కరోనా మొదటి ఏడాది. బ్రెమెన్‌లో ఇంటి నుంచి పని. ఇక్కడి ఒక పాత కంపెనీ తన చరిత్రను వెబ్‌సైట్‌లో పెట్టుకోవాలనుకుంది. రాసే పని మా ఆఫీసుకు, అక్కడి నుంచి నాకు వచ్చింది. ఉత్తరాన ఒక సరస్సు ఒడ్డున వాళ్లకు ఇనుప ఖనిజం గనులుండేవి. ఖనిజాన్ని సొంత ఓడల్లో అవతలి ఒడ్డుకు చేర్చేవారు. మా మేనమామ 1960లలో జర్మనీ వచ్చి ఆ ఓడల్లోనే ఇంజనీరుగా పనిచేశాడు.

సంగతి తెలియగానే మామయ్య తనతో ఓడలో పనిచేసిన యుర్గెన్ అనే నావికుడి గురించి చెప్పాడు. సరస్సు గడ్డకట్టేలోగా ఇంకో ట్రిప్పు వేయాలని కంపెనీ తొందరపెట్టింది. ఖనిజం నింపిన అరల మూతలు పూర్తిగా బిగించకుండానే ఓడ కదిలింది. గాలి లేచాక, వాటిని బిగించడానికి డెక్ మీదికి వెళ్లిన యుర్గెన్‌ను అల లాక్కుపోయింది. నావికుడి అజాగ్రత్త అని కంపెనీ రాసుకుంది. బయలుదేరమన్న ఆర్డరును మామయ్య చెవులారా విన్నాడు. అప్పుడు నోరు మెదపలేదు. ఇప్పుడైనా సరిచేయమన్నాడు. కావాలంటే సంతకం పెడతానన్నాడు.

రాశాను. పంపే ముందు తీసేశాను. ఎవరూ తీసేయమనలేదు. నాకు మింగుడుపడనిది అదే. ఎవరైనా బెదిరించి ఉంటే వాళ్లనైనా తిట్టుకునేవాణ్ని. కంపెనీ నొచ్చుకుంటుందేమో, మా మేనేజర్ మొహం చిట్లిస్తాడేమో, ఈ రోజుల్లో ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే బ్లూకార్డ్ సంగతేమిటి అని నాకు నేనే ఊహించుకుని, 'నావికుడి అజాగ్రత్త వల్ల' అన్న పాత మాటే మళ్లీ రాశాను. భయమా అది? లేక ఒక ముసలాయన పట్టుదల కోసం గొడవెందుకన్న బద్ధకమా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

తర్వాతి చలికాలం మామయ్య కరోనాతో ఆసుపత్రిలో చేరాడు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. ఆయనే ఫోన్ చేశాడు.

"ఏరా, మావాడి సంగతి పెట్టావా?"

"పెట్టాను మామయ్యా."

"అట్లా కాదు. చదువు, వింటా."

నా దగ్గర మిగిలిన చిత్తుప్రతి తీసి, వెబ్‌సైట్‌లో ఉన్నట్టే చదివాను. ఆయన కాసేపు దగ్గాడు.

"ఒప్పుకున్నార్రా జర్మనోళ్లు! ఇన్నేళ్లూ వాళ్లని తిట్టినవన్నీ ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి. మీ అత్తకి చెప్పు, దాన్ని తిట్టినవి మాత్రం తీసుకోను."

నవ్వాను. నవ్వగలిగాను. ఆ వారమే ఆయన పోయాడు.

తర్వాత సరిచేయమని కంపెనీకి నేనే రాశాను. ఆ వ్యవహారం చూసే ఆవిడ మర్యాదగానే జవాబిచ్చింది. ముందే చెప్పి ఉంటే తప్పక పెట్టేవాళ్లమంది. చూసినవాళ్లు, విన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఉండేవాడు. ఆయన ఉన్నన్నాళ్లూ అడ్డుపడింది నేనే.

ఇవాళ కూడా ఆ పేజీ తెరిచాను. ఆ మాట అలాగే ఉంది. కంపెనీ ఒప్పుకుందని అత్తయ్య ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. ఆమె ముందు తలూపుతాను.

క్షమించమని అడగడానికి ఇది రాయలేదు. అడగాల్సినవాళ్లు ఇద్దరూ లేరు. యుర్గెన్ తప్పు చేయలేదు. తెలిసి అబద్ధం రాసింది నేను. ఈ మాట అన్నాక గుండె కాస్త తేలికైంది. దానికీ సిగ్గుగానే ఉంది.