పాతర మూత మీద కూర్చున్న మా అత్త

మా అత్త పోయింది. పాడె మోయడానికి వాడకట్టులో నాలుగు భుజాలు దొరకలేదు. చెబుతున్నది బాలమ్మను, అరవై దాటినదాన్ని, యాలాల్ పక్క ఊరు, ఆమెకు ఒక్కతే కోడలిని. ఇంట్లో ఇక నేను, నా పెనిమిటి. నాకు అక్షరం రాదు; చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను.

రజాకార్లు ఓడి పటాలాలు వచ్చిన ఏడు, మా ఊరివాళ్లు రజాకార్ల మీది కసిని ఎవరికీ కీడు చేయని దర్జీ సాయబు మీద తీర్చుకోబోయారు. అత్త అతన్ని, భార్యాపిల్లలను మా వాకిట్లో జొన్నలు దాచే ఖాళీ పాతరలోకి దింపింది. గాలి ఆడేటట్టు మూతబండ కాస్త జరిపి, ఆ సందు మీద కొంగు పరిచి కూర్చుంది. కట్టెలతో వచ్చినవాళ్లకు ముందు మా కులపెద్ద.

"జరుగు పెద్దమ్మా, పాతర చూడాలె."

"ముట్టున్న. దగ్గరికొస్తే నీకే మైల."

అప్పటికే ఆమె తలంతా నెరిసింది. మగవాళ్లకు ఆ లెక్క తట్టలేదు. తట్టినవాడికి అడగడానికి నోరు రాలేదు. వెనక్కి పోయారు. దర్జీ కుటుంబం తాండూరులో రైలెక్కి బతికిపోయింది.

తర్వాత సంగతి తెలిసి, ముట్టు పేరు చెప్పి కులాన్ని మోసం చేసిందని మమ్మల్ని వెలివేశారు. బావి దగ్గర ఆడవాళ్లు పక్కకు తప్పుకుంటే అత్త నవ్వేది: "గానాటి ముట్టు ఇంక ఇడుస్తలేదు నన్ను."

పోయిన ఎండాకాలం వికారాబాద్‌లో ఒక బడి ఆవరణలో తెల్లబట్ట మీద సినిమా ఆడించారు. ఊరంతా పోయాం. ఎక్కడో దూరదేశపు యుద్ధంలో, చంపడానికి వెతికేవాళ్లకు దొరక్కుండా ఒక యూదుల కుటుంబం ఇంటి పైభాగంలో దాక్కున్న కథ. పిల్ల దగ్గినా ప్రాణం పోయేటట్టు ఉండేది వాళ్లకు. ఆ భాష రాని మాకు బడి పంతులు తెలుగులో చెబుతూ పోయాడు. మా కులపెద్ద కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"దాసిపెట్టినోళ్లు దేవుళ్లు," అన్నాడు.

వెనక కూర్చున్న అత్త మెల్లగా అడిగింది: "మరి నా ఇంట్ల నీళ్లు తాగుతవా, అయ్యా?"

అతడు తెర వైపే చూశాడు.

ఆమె పోయిన పొద్దున అతడే మా గడప అవతల నిలబడ్డాడు. "మీ అత్త చేసింది తప్పని మొక్కు. మోస్తం."

నేను మొక్కలేదు. ఆమె బతికినన్నాళ్లు అనని మాట, ఆమె నోరు మూతపడ్డాక నేను అంటానా?

ఎడ్లబండి మీద పడుకోబెట్టి తాళ్లతో కట్టాం. వాడకట్టంతా తలుపులు మూసుకుంది. బండి గుంతల్లో పడ్డప్పుడల్లా ఆమె పాదాలు కదిలాయి, ఒక్కొక్క ఇల్లూ దాటుకుంటూ తానే నడిచిపోతున్నట్టు.

ఇది బాలమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర.
చూసినవాళ్లు, ఇద్దరూ వేరే కులంవాళ్లు: బండి తోలిన సాయన్న, చితి పేర్చిన నర్సప్ప.