మేకపిల్లలకు పోసిన గోలీలు

నా కోడలికి మతిమరుపు లేదు. ఈ ఒక్క మాట చెప్పనీకి ఇన్నేండ్లు నాకు నోరు రాలే. నువ్వు నా చిన్నప్పటి దోస్తువు, మా ఇంటిదానివి కావు, అందుకే నీకు రాస్తున్న.

అప్పటికి మా పాన్‌గల్ దిక్కు లిఫ్టు కాల్వ నీళ్లు ఇంకా రాలే. మనుమనికి ఏడాది నిండలే, మోషన్లు పట్టుకున్నయి. ఊరి దవాఖాన నర్సమ్మ ఉప్పుచక్కెర పొట్లాలు, జింకు గోలీలు ఇచ్చింది. దినాం ఒకటి చెంచాడు నీళ్లల్ల కరిగించి పొయ్యాలె, మోషన్లు ఆగినా గోలీలు ఒడిసేదాక ఆపొద్దు అని మళ్ల మళ్ల చెప్పింది. కోడలు పల్లిచేన్ల కలుపు తియ్యనీకి పోయేది. గోలీల పని నాది.

రెండు మూడు దినాలకే పిల్లగాడు తేరుకున్నడు, నవ్విండు. రోగం పోయినంక మందెందుకు? చినిగిన చీరె కూడ పారెయ్యని మనిషిని నేను. దొడ్లె మేకపిల్లలు కూడ మోషన్లతోని పారుకుంటున్నయి, ఒకటి అప్పటికే సచ్చింది. మిగిలిన గోలీలు అదే చెంచాల కరిగించి వాటి నోట్లె పోసిన. కోడలు అడిగితే, పిల్లగానికి వేస్తున్న అన్న.

కొన్నాళ్లకు మోషన్లు మళ్ల మొదలైనయి. ఈసారి పిల్లగాని కండ్లు లోపలికి పోయినయి. ఏడిస్తే నీళ్లు రాలే. వనపర్తి దవాఖానల నరం దొరకక సూది గుచ్చుకుంటనే డాక్టరు అడిగిండు.

"జింకు గోలీలన్నీ వేసిన్రా?"

కొడుకు నా దిక్కు చూసిండు.

"నడుమల నుంచి కోడలే వేస్తనన్నది సార్. మర్చినట్టుంది" అన్న నేను.

కోడలు నా మొఖం చూసింది. అంతకుముందు దొడ్లె పిల్లగాని చెంచా దొరికింది ఆమెకే, తెల్లపొడి అంటుకోని.

"అవ్ సార్. మర్చిన" అన్నది.

"కూలికి పోనీకి యాదికుంటది, బిడ్డకు గోలి వెయ్యనీకి ఉండదా?" అన్నడు కొడుకు, అందరి ముంగట.

పిల్లగాడు బతికిండు. గోలీలన్నీ వేస్తే రెండోసారి రాకపోవునా? తెల్వదు. కాని అప్పటి నుంచి ఇంట్ల ఏది కనపడకపోయినా మతిమరుపుదని ఆమెనే అన్నరు, నేను కూడ అన్న, అందరికంటే గట్టిగ అన్న. ఆమె ఎందుకు ఊకున్నది? భయమా? నా మీద జాలా?

ఇప్పుడు నాకు బీపీ. తిన్నంక కోడలే గోలి తెచ్చి చేతుల పెడ్తది. "మింగినవా అత్తా?" అని, మింగేదాక అక్కడనే నిలబడ్తది. ఒక్కనాడు మర్వలే.

గోలీలు మేకలకు పోసింది నేను. అబద్ధమాడింది నేను. సదువు తక్కువ కదా, పైకి చదువుకుంటనే రాస్త. ఈ మాట నా చెవులకు వినపడుడు ఇదే మొదలు. గుండె జర తేలికైంది.

వంటింట్ల కోడలు తోముతున్న గిన్నెల సప్పుడు ఆగింది.