సంఘమంతా చేతులెత్తిన సేద్యం ఆట

మా బామ్మర్ది దానియేలు గేమ్ సెంటరుకు నేను తాళం వేయించినంత పని చేసిన కథ ఇది. నవ్వుకోండి, పర్వాలేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

మైదుకూరు బస్టాండు వెనక ఒక గది, నాలుగు టీవీలు. పిల్లోళ్లు వచ్చి తుపాకుల ఆటలు ఆడేవాళ్లు. నేనేమో ఆదివారం బడి మాస్టర్ని. నరహత్య పాపమని నేర్పేవాడి బామ్మర్ది అంగడిలో పొద్దస్తమానం కాల్పులా? పైగా నాకొక విదేశీ ఆట మీద పిచ్చి. సేద్యం ఆట. ట్రాక్టరుతో దున్నాలి, విత్తాలి, కోయాలి, అంతే. లోకంలో దాన్ని ఆడేవాళ్లు తక్కువే గానీ, పట్టుకున్నోళ్లు వదలరు. అందుకే భాగం తర్వాత భాగం వస్తూనే ఉంది. అందులో వాన అదునుకు పడుతుంది. రాయలసీమ వాడికి అంతకంటే అద్భుతకార్యం ఏం కావాలి?

"కొత్త భాగం వస్తాంది దానీ. తుపాకులు తీసేసి నాలుగు టీవీల్లోనూ ఇదే పెట్టు. ఇది రైతుల ఊరు. విరగబడి వస్తారు."

"పొద్దంతా చేన్లో చచ్చి, సాయంత్రం మళ్లా దున్నేదానికి వస్తారా బావా? గది నిండకపోతే ఓనరు శెట్టి ఖాళీ చేయమంటాడు. నేను మళ్లా ఎర్రగుంట్లలో సిమెంటు లారీ ఎక్కాల."

"సంఘాన్నే అడుగుదాంలే."

ఆదివారం ఆరాధన అయ్యాక, ప్రకటనలప్పుడు మైకు అందుకున్నా. "మన దానియేలు అంగడిలో కొత్త సేద్యం ఆట వస్తాంది. వచ్చి ఆడేవాళ్లు చేతులెత్తండి!"

సజ్జ చేను కంకులెత్తినట్టు చేతులు లేచాయి. చూపు ఆనని రాహేలవ్వ రెండు చేతులూ ఎత్తింది. దేవుడే సూచన ఇచ్చాడని నా కళ్లు చెమర్చాయి. దానియేలు కొత్త భాగం తెప్పించాడు. తుపాకులన్నీ తీసేశాడు.

శనివారం పొద్దున నాలుగు టీవీల్లో నాలుగు ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయి. మనుషులు లేరు. పాత పిల్లోళ్లు గడప దాకా వచ్చి, "తుపాకులు లేవా అన్నా?" అని తిరిగిపోయారు. ఎదురుగా విత్తనాల అంగడిలో కూర్చుని, గది యజమాని సుబ్బయ్య శెట్టి అందరి వీపులూ చూస్తున్నాడు. మధ్యాహ్నం దాటింది. దానియేలు టీవీలు తుడుస్తున్నాడు, శవానికి స్నానం చేయిస్తున్నట్టు.

అప్పుడు గొడుగేసుకుని రాహేలవ్వ వచ్చింది. "స్తోత్రం!" అని ఎగిరి, రిమోటు ఆమె చేతికిచ్చా. ఆమె కళ్లు మూసుకుని, దాని మీద ప్రార్థన చేసి, తిరిగి నాకే ఇచ్చింది.

"ఆడవా అవ్వా?"

"ఆడేదేంది నాయనా?"

"చేతులెత్తినావు కదా, రెండూ!"

"మైకులో ఎత్తమంటే ఎత్తకుండా ఉంటారా? గుడికి సున్నం ఎవరు కొడతారన్నా ఎత్తితిమి. కొట్టినోళ్లు ఎవరో నీకు తెల్దా?"

తెలుసు. నేనొక్కడినే కొట్టా.

అవ్వ వెళ్లగానే శెట్టి రోడ్డు దాటి వచ్చాడు. "ఏమప్పా దానియేలూ, జనం యాడ? తాళం ఇచ్చెయ్. సెల్లు రిపేరీ ఆయన గది అడుగుతాండాడు."

దానియేలు జేబులో చేయి పెట్టాడు. నాకు సిమెంటు లారీ హారను వినిపించింది. "ఒక్కసారి ఆడి చూడండి శెట్టిగారూ!" అని ఆయన్ను దాదాపు లాగి కుర్చీలో కూలేశా. తాతల నుంచీ విత్తనాలు అమ్మిన ఇల్లే గానీ, ఒక్క గింజ విత్తింది లేదు. విసుక్కుంటూనే దున్నాడు. వాన పడింది.

"నేల పదునైందప్పా, విత్తొచ్చు!" శెట్టి కుర్చీ అంచుకు జరిగాడు. విత్తాడు. మొలకలొచ్చాయి. ఎదురంగట్లోంచి గుమాస్తా కేకేసినా పలకలేదు. పంట కోసి గానీ ఆయన తల తిప్పలేదు.

"తాళం నీ దగ్గరే పెట్టుకో. మూడు టీవీల్లో మళ్లా తుపాకులు పెట్టు, పిల్లోళ్లు వస్తారు. ఈ ఒక్కటి నాకు. ఇంకో షరతు ఉండాది."

"చెప్పండి శెట్టిగారూ."

"మీ బావను గడప తొక్కనీయొద్దు."

"అట్లే!" అన్నాడు దానియేలు. రెప్పపాటు కూడా ఆలోచించలేదు, ద్రోహి.

ఒట్టు పెట్టుకోవడం విశ్వాసికి తగదు గనుక పెట్టుకోను. దేవుని ఎదుట, మీ ఎదుట ఇది నా తీర్మానం: ఏ ఆట నడుస్తుందో, ఏది నడవదో ఈ నోటితో ఇక చెప్పను. ఎవరైనా అడిగితే ప్రార్థన చేస్తానంటాను. నాకు తెలిసినంతవరకు ప్రార్థనతో ఏ అంగడీ మూతపడలేదు.