జైనబక్క కట్టిన బెండ్లు

సోమశిల నుంచి కాలువకు నీళ్ళు వదిలిన సంగతి ఆత్మకూరులో ఎవరూ నాకు చెప్పనక్కరలేదు. ఎండి పగిలిన గట్టుమట్టి తడిసిన వాసన, దాని వెనకే నాచు వాసన, తెల్లవారేసరికి మా వీధిలోకి వచ్చేస్తాయి. ఆ వాసన తగిలితే చాలు, మనసు తనంతట తానే కూడిక మొదలుపెడుతుంది. మా బండి జారిన రోజు కాలువలో పోయినవి: స్కూటరు, బియ్యం బస్తా, నాలుగు గిన్నెల క్యారియరు, నా చెప్పులు, మా ఆయన. మిగిలినవి: నేను, నా ఒళ్ళో తొమ్మిది నెలల పాప శ్రావణి. బండి జారినప్పుడు మేము గట్టువైపు పడ్డాము, ఆయన నీళ్ళవైపు పడ్డాడు. ఆయనకు ఈత రాదు. నాకూ రాదు.

ఇటుకల బట్టీలో లెక్కలు చూడడం నా పని. చదివింది ఏడో తరగతే అయినా, గది పొడవు వెడల్పులు చెబితే ఎన్ని ఇటుకలు పడతాయో, ఎంత సిమెంటు కావాలో కాగితం ముట్టకుండా చెప్పగలను. మేస్త్రీల వెనక నిలబడి చూసి చూసి, తప్పులు చేసి చేసి పట్టుకున్న విద్య అది. కొలతకు లొంగని దాన్ని నేను నమ్మను. నీళ్ళు కొలతకు లొంగవని నాకు రుజువైపోయింది. అందుకే మా శ్రావణికి పదకొండేళ్ళు వచ్చేదాకా బకెట్లో నీళ్ళే తప్ప మోకాలు మునిగే నీళ్ళు చూపించలేదు. కాలువ గట్టు మీదుగా బడికి వెళ్ళే దారి దగ్గరైనా చుట్టూ తిప్పి పంపేదాన్ని.

ఉదయగిరిలో జైనబీ అనే ఆమె ఆదివారాలు ఆడవాళ్ళనూ పిల్లలనూ దుర్గం కొండ ఎక్కిస్తుందని, మధ్యాహ్నం ఆమె ఇంట్లోనే భోజనమని, ఆ తరువాత బావిలో ఈత అని శ్రావణి బడిలో వినివచ్చింది. ఇక నన్ను నిద్రపోనివ్వలేదు. కొండ వరకు సరే, బావి దగ్గర దాని చెయ్యి పట్టుకుని కూర్చుందామని లెక్క వేసుకుని నేనూ వ్యాను ఎక్కాను.

జైనబక్క యాభై దాటిన మనిషి. బక్కగా, వెదురుబద్దలా ఉండేది. కొంగు బిగించి దోపి, రబ్బరు చెప్పులతో మాకంటే ముందు నడిచేది. మెట్లు తగ్గి రాళ్ళు మొదలైన చోట ఏ చెట్టు పేరు అడిగినా చెప్పేది కానీ, అడగకపోతే నోరు విప్పేది కాదు. పైన కోట గోడలు, పాడుబడిన గుడి, మసీదు చూసి మేమంతా గలగలా మాట్లాడుకుంటుంటే ఒక్కచోట మాత్రం చెయ్యెత్తి ఆపింది. పక్కనున్న బండకు చెవి ఆనించమంది. ఎండకు కాలిన రాయి. చెవి ఆనించాను. మొదట నా గుండె చప్పుడే వినిపించింది. కాసేపటికి దాని వెనక ఇంకొకటి, సన్నగా, ఎక్కడో లోపల నీళ్ళు నడుస్తున్న చప్పుడు. కింద నుంచి చూస్తే ఎండుకొండ, చుక్క తడి కనబడదు. ఇంత పెద్ద కొండ లోపల, ఎవరికీ తెలియకుండా, నీళ్ళు తమ దారిన తాము పోతున్నాయి. నేను భయపడి చెవి తీసేయాల్సింది. తీయలేదు. వ్యాను దగ్గరికి దిగిపోదామని మిగతావాళ్ళు పిలిచేదాకా అలాగే ఉండిపోయాను.

భోజనం దగ్గర ఆమె కుటుంబం సంగతి తెలిసింది. కొండ మీద దొరికే నర్ది చెక్కతో గరిటెలు, చెంచాలు చెక్కే ఇల్లు. గడప దాటగానే చెక్కపొట్టు కాళ్ళకు మెత్తగా తగిలింది. వాళ్ళ నాయన చెక్కపనితోపాటు, రైతుల బావుల్లో జారిపడిన మోటార్లకు మునిగి తాడు కట్టి వచ్చేవాడట. కొడుకులు లేక కూతురికి ఆ విద్య నేర్పాడట. ఆడపిల్లకు ఈతెందుకని అడిగినవాళ్ళకు ఆయన, నీళ్ళకు ఆడా మగా తెలవదు గదా అని చెప్పేవాడని నవ్వుతూ చెప్పింది.

ఒక రెడ్ల కుటుంబం వారి తోటలో ఉంది ఆ దిగుడుబావి. ఆదివారం మధ్యాహ్నం మోటారు ఆపి మాకు వదిలేవారు. రాతి మెట్లు, నాలుగు నిలువుల నీళ్ళు, పైనుంచి వాలిన తుమ్మకొమ్మకు గిజిగాడి గూళ్ళు. శ్రావణి అప్పటికే మొదటి మెట్టు మీద ఉంది. జైనబక్క దాని భుజం పట్టుకుని ఆపింది.

"నీకు కాదు బేటీ, మీయమ్మకు ముందు. అమ్మ దిగందే పిల్లను దించను. నా దగ్గర అదే పద్ధతి."

నేను లోలోపల ఎంత తేలికపడ్డానో చెప్పలేను. నేను దిగను, కాబట్టి అది దిగదు. లెక్క సరిపోయింది.

మూడు ఆదివారాలు అలాగే గడిచాయి. తక్కిన తల్లీపిల్లలు నీళ్ళలో కేరింతలు కొడుతుంటే మా పిల్ల మెట్టు మీద కూర్చుని అరికాలు నీళ్ళకు ఆనించి తీసేది, ఆనించి తీసేది. నాలుగో ఆదివారం అరికాలు కూడా ఆనించలేదు. మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, నీళ్ళకు దూరంగా, సరిగ్గా నేను కూర్చున్నట్టే కూర్చుంది. అది చూసి నేను లేచాను.

జైనబక్క ఎండిన కిత్తనార మొక్క కాడ ముక్కలు తాడుకు గుచ్చి, నా నడుముకు చుట్టి వీపు వెనక ముడి వేసింది. వాటినే మా వైపు బెండ్లంటారు. తేలిక వస్తువులు, చేతిలో ఉన్నట్టే ఉండవు. ఎన్ని కట్టావక్కా అని అడిగాను. ఎనిమిదంది. ఒక్కోటి ఎంత బరువు ఆపుతుందని అడిగాను.

"ఏందిమే, ఇటుకల బట్టీ అనుకున్నావా? లెక్క నా దగ్గర ఉండాది. నువ్వు కాళ్ళు కొట్టు."

భర్త పోయిన నాటి నుంచి నా లెక్క ఇంకొకరి చేతిలో పెట్టింది అప్పుడే. నీళ్ళు మెడదాకా వచ్చాయి, గడ్డం దాకా వచ్చాయి, అక్కడ ఆగాయి. ఆమె చెయ్యి నా తల కింద ఉంది. వెల్లకిలా పడుకోబెట్టింది. చెవులు మునగగానే లోకంలో చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. పైన నాలుగు పలకల ఆకాశం, దానికి అడ్డంగా ఊగుతున్న గూళ్ళు, రాతిగోడల మీద పాకుతున్న వెలుగు. ఆయన్ను మింగిన నీళ్ళే నన్ను పసిబిడ్డలా ఎత్తుకుని ఉన్నాయి. ఆ రెండూ ఒకటే ఎలా అవుతాయో నాకు ఇప్పటికీ తెలియదు. తల కింద చెయ్యి ఎప్పుడో తీసేసిందని, ఆమె మెట్టు మీద కూర్చుని తల తుడుచుకుంటుంటే చూసి తెలుసుకున్నాను. ఆ సాయంత్రమే శ్రావణి బావిలో దిగింది. నెల తిరిగేసరికి చేపపిల్లయిపోయింది.

నాకు మాత్రం ఏళ్ళు పట్టాయి. ఒక్కో బెండూ ఎప్పుడు తీసిందో ఆమె చెప్పేది కాదు. గట్టెక్కి విప్పుకుని చూసుకుంటే ఒకటి తగ్గి ఉండేది. చివరికి ఒక్కటి మిగిలింది. ఆ ఆదివారం ఆమె ముడి వీపు వెనక వేయలేదు. ముందుకు తిప్పి, నా చేతికి అందేలా, కడుపు మీద వేసింది.

"ఏడు నేను తీసినాను. ఇది మాత్రం నేను తియ్యను. నీకెప్పుడు తియ్యాలనిపిస్తే అప్పుడు తీసుకో."

వచ్చే వారం చూద్దాం అక్కా అన్నాను. సరేనంది. వచ్చే వారాలు చాలానే వచ్చాయి. ప్రతిసారీ అదే మాట అన్నాను, ప్రతిసారీ ఆమె సరేనంది. పోయిన ఏడాది వానలకు ముందు, చెక్క చెక్కుతూనే ఒరిగిపోయిందని కబురొచ్చింది.

ఇప్పుడు ఆదివారాలు కొండ ఎక్కించేది, పిల్లలకు బెండ్లు కట్టేది మా శ్రావణే. తల్లి దిగందే పిల్లను దించదు. వాళ్ళందరికంటే ముందు నేను ఆ ఒక్క బెండు కట్టుకుని దిగి బావి నడిమధ్యకు ఈదుతాను. అక్కడ ఆగి ముడి మీద వేలు పెడతాను. జారుముడి, ఒక్కసారి లాగితే వచ్చేస్తుంది. మెట్టు మీద నుంచి మా పిల్ల చూస్తూ ఉంటుంది, పిలవదు. కాసేపు అలాగే ఉండి, వేలు తీసి, ఒడ్డుకు వచ్చేస్తాను.

ఎనిమిదిలో ఏడు పోయాయి. జైనబక్కకు నేను ఇంకా బాకీ, ఒకటి.