కొండ మీద ఫిరంగి, కొండ కింద మంగలం

ఇప్పటి పిల్లలకు కారం కావాలంటే ప్యాకెట్టు చింపడం ఒక్కటే తెలుసు. మా చిన్నతనంలో కారం అంత సులభంగా సంగట్లోకి వచ్చేది కాదు. తొడిమెలు తీయాల, ఎండబెట్టాల, వేయించాల, దంచాల, తుమ్మాల, మళ్ళా దంచాల. మిషను బడిలో రెండో తరగతితో ఆగిపోయిన దాన్ని నేను, యుద్ధాల గురించి రాసేంత చదువు నాకు లేదు. అయినా ఒక యుద్ధంలో నేనూ ఉన్నాను, (నవ్వకండి) గెలిచినాను కూడా. చెప్తాను గానీ, పొయ్యి మీద పాలు పెట్టి ఎవురూ ఇది చదవొద్దు. పొంగిపోతే నాది పూచీ కాదు.

ఆ ఏడు మా ఆత్మకూరు పక్క చుక్క వాన లేదు. నాయన రాళ్ళు కొట్టే పనివాడు. విశాఖపట్నంలో సముద్రంలోకి ముక్కు చాచుకొని ఒక కొండ ఉండాదని, దాని మీద మిలిటరీవాళ్ళు ఫిరంగులు పెడతాండారని, రాళ్ళు కొట్టేవాళ్ళు కావాలని ఎవురో చెప్తే, అమ్మను, నన్ను వెంటబెట్టుకొని బయలుదేరినాడు. అప్పటికే జపాను విమానాలు వచ్చి ఆ ఊరి మీద బాంబులేసి పోయినాయి. ఊళ్ళోవాళ్ళు మూటలు కట్టుకొని పల్లెలకు పరిగెత్తుతాంటే, మేము మూటలు కట్టుకొని ఊళ్ళోకి పోతాండాము. రైల్లో ఒకాయన, "యుద్ధంలోకి ఎందుకమ్మా పోతున్నారు?" అని అడిగితే, అమ్మ, "బాంబు వచ్చినప్పుడు వస్తాది లేప్పా, ఆకలి పూటపూటా వస్తాంది" అనింది. మా మూటలో ఉన్నదల్లా జొన్నపిండి, ఒక గోనెసంచిలో ఎండు మిరపకాయలు.

కొండకు సముద్రం వైపు వాలులో కూలోళ్ళ గుడిసెలు, పైన ఫిరంగుల దగ్గర సోల్జర్లు. వాళ్ళకు పెద్ద ఒక తెల్లాయన. పేరుకే తెల్లాయన, ఎండకు కమిలిపోయి టమాటా మాదిరి ఉండేవాడు, అందుకే మేము ఎర్రదొర అనేవాళ్ళం. ఆయన మాట మాకు, మా మాట ఆయనకు చేరవేసేది ఆ ఊరి మేస్త్రి. అమ్మ మొదటిరోజు సముద్రాన్ని చూసి, "ఇన్ని నీళ్ళు ఎవురికీ పనికిరాకుండా ఊరికే పెట్టినారే" అని శానాసేపు బాధపడింది. (నా పొదుపు యాడనుంచి వచ్చిందో మీకు తెలిసిపోయింటాది.)

ఒకనాడు పొద్దున్నే అమ్మ రాళ్ళు మోసే పనికి పోతా, "రెండు గుప్పిళ్ళు మిరపకాయలు వేయించి పెట్టు పాపా" అనింది. పొయ్యి అంటించినాక నాకు మనసొప్పలేదు. పుల్లలు ఏరాలంటే కొండంతా తిరగాల. ఈ పొద్దు రెండు గుప్పిళ్ళకు ఒక మంట, మళ్ళా ఎల్లుండి ఇంకో మంట ఎందుకు? ఉన్న మంట మీదనే అన్నీ వేయించేస్తే పనీ కలిసొస్తాది, పుల్లలూ కలిసొస్తాయి. సంచి ఎత్తి, వేయించే మట్టి మంగలం నిండా గుమ్మరించినాను. అది తెలివితక్కువ పని అని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు. నేను ఒప్పుకోను. పొదుపు పొదుపే, గాలి సంగతి ఒక్కటే నాకు తెలీలేదు. మా ఊళ్ళో గాలి ఎట్లబడితే అట్ల తిరుగుతాది. సముద్రపు గాలి అట్ల కాదు, కింద నుంచి నేరుగా కొండెక్కుతాది.

మొదట పైన ఒక తుమ్ము వినబడింది. తర్వాత తుమ్ముకు తుమ్ము తోడై దగ్గులయినాయి. ఆ మీదట గంట గణగణా కొట్టినారు, గంట వెనకనే సైరను కూసింది. "గ్యాస్! గ్యాస్!" అని అరుపులు. జపానువాడు విషపు గాలి వదిలినాడని అందరూ అనుకున్నారు. రాళ్ళు కొట్టేవాళ్ళు గుంతల్లోకి దూకినారు. కింద ఊళ్ళో మిగిలిన నలుగురూ తలుపులేసుకున్నారు. మరి నువ్వేం చేసినావంటారా? గరిటె తిప్పుతానే ఉన్నాను. బాంబు పడేది పడనీ, మిరపకాయలు మాడితే కారం చేదెక్కుతాది కదా!

ఏనుగు తొండాల మాదిరి ముసుగులు తగిలించుకొని సోల్జర్లు దిగినారు. ముందర ఎర్రదొర, వెనక కండువా ముక్కుకు చుట్టుకున్న మేస్త్రి. నా మంగలం చుట్టూ తుపాకులు పట్టుకొని నిలబడినారు.

"ఏటే పిల్లా ఇది? ఏటి సేసినావే? సచ్చిపోనాం బాబో!" అన్నాడు మేస్త్రి.

"మిరపకాయలు వేయిస్తాండా మేస్త్రీ, కారానికి."

ఎర్రదొర ముసుగు తీసి మంగలంలోకి తొంగి చూసి, తుమ్మి, ఇంకా ఎర్రబడి ఏదో అరిచినాడు. మేస్త్రి ముఖం వేలాడేసి, "ఇది మనుసులు తినీది కాదంట. ఏదో ఇసపు మందంట. పొద్దుగూకీలోగా మిమ్మల్ని కొండ దిగిపొమ్మంతన్నాడు" అన్నాడు. అప్పటికే నాయన, అమ్మ పరిగెత్తుకొని వచ్చినారు. "దిగి యాడికి పోవాల దొరా? మా చెరువులో బురద గూడా లేదు" అని నాయన చేతులు జోడించినాడు. అమ్మ ప్రభువును పిలుస్తాంది. మేస్త్రి బురదకు ఇంగ్లీషు వెతుక్కుంటాండాడు.

నాకు భయం కన్నా కోపం ఎక్కువొచ్చింది. మా చేన్లో పండిన కాయలను తినేవి కావంటాడా! "చూడమను" అని, గుప్పెడు కాయలు ఉప్పేసి రోట్లో దంచినాను. రాత్రి మిగిలిన సంగటి ముద్ద తీసి, నడుమ గుంత చేసి, గుంత నిండా కారం పోసి, దొర ఎదురుగా చతికిలబడి తినడం మొదలుపెట్టినాను. మామూలుగా నేను తినేది చిటికెడే. ఒక్కో కబళానికి దొర ఒక్కో అడుగు దగ్గరికొస్తాండాడు, నేను పడిపోతే పట్టుకుందామని. చెవుల్లో ఈల మోగుతాంది, ముక్కు కారిపోతాంది. కంట్లో నీళ్ళు మాత్రం రానీయలేదు. కరువు పక్కోళ్ళ పరువంతా ఆ పొద్దు నా రెండు కళ్ళల్లోనే ఉండింది. ముద్ద అయిపోయినాక వేళ్ళు నాకి, "ఇంకొంచెం సంగటి ఉంటే పెట్టుమా" అని అమ్మను అడిగినాను.

అప్పుడు ఒక అరవ సోల్జరు ముసుగు పీకి, "కొంచెం ఇయ్యి పాపా" అని చేయి చాచినాడు. నాలిక మీద వేసుకొని, కళ్ళు మూసుకొని ఏదో గొణిగినాడు. "ఆళ్ళమ్మ గురుతొచ్చిందంట" అన్నాడు మేస్త్రి. ఇంక చూసుకోండి, అన్ని చేతులూ నా రోటి మీదికే! చివరికి ఎర్రదొర గూడా వేలి కొన అద్ది నాకినాడు. అంత పెద్ద దొర ఒంటికాలి మీద గెంతుతా పోయి పక్కవాడి నీళ్ళ సీసా లాక్కున్నాడు. తాగి, రొప్పి, ఉన్నట్టుండి తొడ చరుచుకొని నవ్వడం మొదలుపెట్టినాడు.

మేస్త్రి దండోరా వేసినట్టు చెప్పినాడు: "ఉండిపోమంతన్నాడు! గానీ ఇకనుంచి మంగలం ఎట్టే ముందర ఎర్రగుడ్డ కట్టాలంట. అది సూసి పైనోళ్ళు గాలికి పక్కకెల్లిపోతారంట. కారంలో ఆళ్ళకీ వాటా పంపాలంట!"

ఆ కొండ మీద పని అయ్యేదాకా అట్లనే జరిగింది. నేను గుడ్డ కడితే పైన గంట కొట్టేవాళ్ళు. జపానువాడికి బెదరని ఫిరంగుల కాపలా నా ఎర్రగుడ్డకు బారులు తీరి పక్కకు జరిగేది. అట్లాంటి సెల్యూటు ఏ జనరలుకు దక్కిందో చెప్పండి.

ఇప్పుడు మా మనవరాలికి ఆ ఊళ్ళోనే ఉద్యోగం. పోయిన ఎండాకాలం ఆమె దగ్గరికి పోయినాను. బాల్కనీలో నిలబడితే కొండ కనబడతాది, ముక్కు అట్లనే చాచుకొని ఉండాది. ప్యాకెట్టు కారం తెస్తానంటే తిట్టి, మిరపకాయలు తెప్పించినాను. బాణలి పెట్టే ముందు ఎర్ర తువ్వాలు బాల్కనీకి కడతాంటే, "ఎవురి కోసం అవ్వా అది?" అనింది. "ఆర్డరు ఉండాది లే" అన్నాను. గ్యాసు దండుగ కాకూడదని అన్ని కాయలూ ఒక్కసారే వేయించినాను. అందులో చిటికెడు గూడా నాకు లేదు, డాక్టరు మానమన్నాడు. ముద్దంతా తిని ఇంకా పెట్టమన్న ఆనాటి పిల్ల నన్నిప్పుడు చూస్తే ఏమనుకుంటాదో అనుకుంటా, కొండకు ఎదురుగా కూర్చొని చప్పిడి మజ్జిగన్నం తిన్నాను. పై అంతస్తులో ఎవురో తుమ్మినారు. గుడ్డ కట్టినా పక్కకు పోలేదు. ఇప్పటోళ్ళకు ట్రైనింగు తక్కువ.